తిన్నానని చెప్పు

మిరపకాయలు కాల్చే రోజు చున్యా ఊళ్లో ఎవరూ ఉతికిన బట్టలు ఆరేయరు. గాలి ఊరివైపు తిరిగిందంటే చంటిపిల్లల దగ్గర్నుంచి గడపలో పడుకున్న కుక్క దాకా అందరూ దగ్గాల్సిందే. అందుకే నల్లముద్ద చేసే ఇళ్లవాళ్లు ఎండుమిరప బస్తాలు ఊరవతలి బీడుకి మోసుకెళ్లి, పిడికెడు దుమ్ము ఎగరేసి గాలివాటం చూసుకుని, కాయల మీద సారా చల్లి, అప్పుడు నిప్పు పెడతారు.

కాయ కాస్త మాడితే చాలదు. లోపలా బయటా బొగ్గయిపోవాలి. వేళ్ల మధ్య నలిపితే పొడిగా రాలాలి. తర్వాత దాన్ని నీళ్లలో నానేసి, నీళ్లు మార్చి మార్చి చేదు వదలగొట్టి, వెల్లుల్లి, మిరియాలు, లవంగాలు, నల్లగా మాడ్చిన మొక్కజొన్న రొట్టెలూ కలిపి రుబ్బుతారు. ఆ ముద్ద వేసి వండిన టర్కీ కోడి పులుసు లేకపోతే ఆత్మల పండక్కి చచ్చిపోయినవాళ్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతారని దోన్యా ఎల్సీ నమ్మకం. ఊళ్లో సగం ఇళ్లకి నల్లముద్ద వెళ్లేది ఆమె చేతి నుంచే.

ఆ దోన్యా ఎల్సీయే సుయేమీకి అత్తగారు.

సుయేమీ పొగకి బాగా ఎడంగా, ముఖానికి తడిగుడ్డ చుట్టుకుని నుంచుంది. పెళ్లయ్యాక ఆమె చూస్తున్న మొదటి కాల్పు అది.

"ఏయ్ పిల్లా, అంత దూరంలో నుంచుంటే ఈ పని ఎప్పటికి నేర్చుకుంటావ్?" అని అత్తగారు కేకేసింది.

"ఇక్కణ్ణించే నేర్చుకుంటున్నా అత్తయ్యా! కళ్లల్లో నీళ్లు కారిపోతున్నాయి చూడండి, పాఠం బాగా ఎక్కుతోంది!"

"చదువుకున్న కోడలు కదక్కా," అన్నాడు దోన్ నాసో. ఆ ఊళ్లో పెద్ద మగవాళ్లు దోన్, పెద్ద ఆడవాళ్లు దోన్యా; ఆయన దోన్యా ఎల్సీ తమ్ముడు. ముద్ద డబ్బాలు చుట్టుపక్కల సంతలకి వేసుకెళ్లే ట్రక్కు ఆయనదే. "పొగ కూడా పుస్తకంలో అచ్చయి వస్తేగాని పీల్చదు."

అప్పుడే పొగలోంచి హెనెర్ బయటికొచ్చాడు. నెత్తి నుంచి కాళ్ల దాకా మసి. పళ్లు, కళ్లు తప్ప ఇంకేం కనిపించడం లేదు. భుజం మీద ఖాళీ గోనెసంచి వేసుకుని, భార్యని చూసి ఇంత నోరు చేసుకుని నవ్వాడు. సుయేమీ గుండె ఒక్కసారి గంతేసింది. ఈ మనిషి నావాడు, ఈ పళ్లు కూడా నావే అనుకుంది. అనుకుని తనలో తనే నవ్వుకుంది. ఆ వెంటనే, ఎప్పట్లాగే, భయం వేసింది.

పెళ్లికి ముందు ఆమెకి దేనికీ భయం ఉండేది కాదు. మెరిదా పట్నంలో కాలేజీలో ఆహార రసాయనశాస్త్రం చదివింది. పిండిపదార్థం మాడితే ఏం పుడుతుందో, మాంసం కొవ్వు నిప్పుల మీద కారితే ఏం పుడుతుందో, ఎలుకలకి ఏ మోతాదులో కణుతులు వచ్చాయో పరీక్షలో గడగడా రాసేసింది. రాసి బయటికొచ్చి, గేటు దగ్గర నల్లగా కాల్చిన మొక్కజొన్న పొత్తు కొనుక్కుని తిన్నది. అంత నిర్భయం. పెళ్లయ్యాకే ఆ పాఠాలన్నీ ఒక్కొక్కటే లేచి కూర్చున్నాయి. పొద్దున్నే హెనెర్ కాఫీ ఊదుకుంటూ ఈల వేస్తాడు. పడుకోవడానికి ఇద్దరికీ కలిపి ఒకే వెడల్పాటి వల ఉయ్యాల. అందులో ఒకళ్లు దొర్లితే రెండోవాళ్లు వాళ్ల మీదికి దొర్లక తప్పదు. చన్నీళ్లు పోసుకుంటూ అతను వేసే కేకలు వీధి చివరికి వినిపిస్తాయి. ఇంత సంతోషం ఒకచోట ఉంటే దాన్ని ఎవరో ఎత్తుకుపోతారని ఆమెకి అనిపించేది. ఎవరు ఎత్తుకుపోతారో కూడా ఆమెకి తెలిసిపోయినట్టే ఉండేది. ఆ ఇంట్లో పెనం మీదా, పొయ్యిలోనూ, రోట్లోనూ, అన్నిచోట్లా నలుపే.

అందుకని రొట్టె మీద మాడిన మచ్చ కనిపిస్తే కత్తితో గోకేది. కాల్చిన మాంసం అంచులు కోసి కోళ్లకి వేసేది. వేశాక, కోళ్లకి మాత్రం ఏమవుతుందోనని మళ్లీ ఏరేది. దోన్ నాసో ఆమెకి బొగ్గుల డాక్టరమ్మ అని పేరు పెట్టాడు. పేరు ఊళ్లో బాగా అతికింది. కొట్టుకి వెళ్తే, "డాక్టరమ్మా, ఈ అరటిపండు తొక్క మీద నల్లమచ్చ ఉంది, తినొచ్చా?" అని అడిగేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. దోన్యా ఎల్సీ మాత్రం నవ్వేది కాదు.

"మా అమ్మ తొంభై దాటి బతికింది. రోజూ ఈ ముద్దే తిన్నది," అనేది.

"అందరికీ అలా కలిసిరాదు కదత్తయ్యా."

"కలిసిరాకపోతే అది ముద్ద తప్పా?"

పండగ దగ్గరపడిన ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక ఉయ్యాల్లో పడుకుని ఉండగా సుయేమీ అడిగేసింది.

"ఈసారికి నువ్వు పులుసు తినకు."

హెనెర్ నవ్వాడు. ఉయ్యాల ఊగింది. "నల్లముద్ద చేసే ఇంట్లో పుట్టి పులుసు ముట్టకపోతే, మా నాన్న పండక్కి వచ్చి నా చెవి మెలిపెడతాడు."

"పెట్టనీ. నేను వెన్న రాస్తాలే."

"ఏ చెవి మెలిపెడతాడో తెలీదే?"

"రెండింటికీ రాస్తా. నిజంగా అడుగుతున్నా హెనెర్. నాకు భయంగా ఉంది."

అతను ఆమె ముఖం చూశాడు. నవ్వు ఆపేశాడు. బొటనవేలూ చూపుడువేలూ శిలువలా పెట్టి ముద్దుపెట్టుకుని, "తినను. ఒట్టు," అన్నాడు. ఆ రోజు అతని భుజం బాగా నొప్పిగా ఉంది, బస్తాలు మోసి మోసి. సుయేమీ లేచి కొట్లో తెచ్చిన నొప్పి మాత్ర ఇచ్చింది. అప్పటికి చాలారోజులుగా అతను పొద్దున్నే పరగడుపున ఒకటి, సాయంత్రం ఒకటి వేసుకుంటున్నాడు. ఆమే గుర్తుపెట్టుకుని నీళ్లతో సహా అందించేది. మొగుడికి మాత్ర అందించడం కూడా ఆమెకి ముచ్చటగానే ఉండేది.

పండగ వచ్చింది. బల్ల మీద కొవ్వొత్తులు వెలిగించి, మొదటి గిన్నె పులుసు హెనెర్ నాన్న ఫోటో ముందు పెట్టారు. తర్వాత బతికున్నవాళ్లు కూర్చున్నారు. నల్లటి పులుసులో టర్కీ ముక్కలు, కోసిన కోడిగుడ్డు పచ్చసొన సూర్యుడిలా. తిన్న ప్రతివాడి పెదాలూ పళ్లూ నలుపు. సుయేమీ రొట్టెలు అందిస్తూ వంటింటికీ బల్లకీ మధ్య తిరుగుతూనే ఉంది. ఒకసారి చూస్తే హెనెర్ ముందు గిన్నె నిండుగా ఉంది. ఇంకోసారి చూస్తే ఖాళీ. అతను ఆమె వైపు కన్నుగీటి, ఖాళీ చేతులు చూపించాడు. నేను తినలేదు అన్నట్టు. తన కోసం అంత మంచి పులుసు వదులుకున్నాడని ఆమె మురిసిపోయింది.

ఆ పులుసు పండగతో అయిపోదు. మళ్లీ మళ్లీ వేడిచేసిన కొద్దీ రుచి. వారమంతా అదే నడుస్తుంది. ఆ వారంలోనే ఒకరోజు కరెంటు పోయి మోటారు ఆగిపోయింది. పెరట్లో మరుగుదొడ్డికి నీళ్లు అందలేదు. హెనెర్ బయటికొచ్చి, "నీళ్లు పోస్తాను ఉండు," అంటూనే మెట్టు మీద కూలబడ్డాడు. "కూర్చో, నేను పోస్తాలే," అని సుయేమీ బకెట్టు తీసుకెళ్లింది.

వెళ్లి చూసింది.

నలుపు. తారు లాంటి నలుపు.

బకెట్టు మొత్తం కుమ్మరించి బయటికొచ్చేసరికి ఆమెకి ఏడుపు తన్నుకొస్తోంది.

"ఒట్టేసి మరీ అబద్ధం చెప్పావు."

"ఏమబద్ధం?"

"పులుసు తిన్నావు."

"తినలేదు."

"నా కళ్లతో చూశాను!"

"తింటుంటే చూశావా?"

"తిన్నాక చూశాను!"

హెనెర్‌కి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక తల దించుకున్నాడు. సిగ్గుతో ఎర్రబడాల్సిన ముఖం ఎర్రబడలేదు. కాగితంలా అలాగే ఉండిపోయింది. ఆ సంగతి సుయేమీకి అప్పుడు తట్టలేదు.

వంటింట్లోంచి దోన్యా ఎల్సీ, వాకిట్లోంచి దోన్ నాసో వచ్చారు. సంగతి విని ఇద్దరూ పగలబడి నవ్వారు.

"పండగ వారంలో ఈ ఊరంతా అదే రంగు పిల్లా," అన్నాడు దోన్ నాసో. "చర్చి ఫాదరు గారిది కూడా. కావాలంటే వెళ్లి అడుగు."

"నేను తినలేదు మావయ్యా," అన్నాడు హెనెర్ నీరసంగా.

"అవునవును, గాలి తిన్నావు! ఈ ఇంట్లో మగాడు పులుసు తినకుండా ఉంటాడని చెప్తే టర్కీ కోడి కూడా నవ్వుతుంది."

ఆ రోజు సుయేమీ తన పుట్టింటి ఉయ్యాల తీసి వేరే గదిలో కట్టుకుంది. పెళ్లయ్యాక మొదటిసారి. అతను బతిమాలుతాడనుకుంది. రాలేదు. మర్నాడు కూడా మెట్టు మీదే కూర్చున్నాడు, గోడకి తల ఆనించి. పలకరిస్తే ఊఁ అంటున్నాడు. నీళ్ల బిందె ఎత్తబోయి మళ్లీ దించేశాడు. నుదుటి మీద చెమట. అలిగాడు, పైగా తనే అలిగాడు, అనుకుని ఆమెకి ఇంకా మండింది. ఒక్క పండక్కి ఆగలేనివాడు రేపు దేనికి ఆగుతాడు? ఇప్పటినుంచీ ఇలా తింటూ పోతే ఏమవుతాడు?

ఆ మర్నాడు పొద్దున్నే ఆమె ఊరి ఆరోగ్యకేంద్రానికి బయల్దేరింది. జబ్బు గురించి కాదు. సాక్ష్యం కోసం.

డాక్టర్ ఇవోన్ వేరే రాష్ట్రం నుంచి వచ్చిన మనిషి. వచ్చిన కొత్తలో, పండగ మర్నాడు నల్లగా వెళ్తోందన్న ఒక ముసలాయన్ని హడావిడిగా పట్నం ఆస్పత్రికి పంపింది. ఆయన రెండు గిన్నెల పులుసు తిన్నాడని అక్కడ తేలింది. ఏడాదంతా ఊరు ఆ కథ చెప్పుకుని నవ్వింది. అప్పటినుంచి ఆమె కూడా ఊరివాళ్లలాగే ముందు పులుసు సంగతి అడగడం నేర్చుకుంది.

"డాక్టర్ గారూ, మీరొకసారి మా ఆయనకి గట్టిగా చెప్పాలి," అంది సుయేమీ కూర్చోకుండానే.

"ఏం చెప్పాలి?"

"మాడింది తింటే కేన్సర్ వస్తుందని."

డాక్టర్ నవ్వి, రాస్తున్న కాగితం మీంచి తల ఎత్తింది. "రోజూ మాడ్చుకు తినడం మంచిది కాదు, నిజమే. అలాంటి వాటితో ఎలుకలకి కణుతులు వచ్చాయి. మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఇంత తింటే ఇంత ప్రమాదం అని తేల్చి చెప్పలేకపోతున్నారు. మాడిన చోట తీసేసుకో, మాంసం మంటకి దూరంగా కాల్చు. కానీ పండక్కి ఒక గిన్నె పులుసు తిన్నాడని నేనైతే బెంగపెట్టుకోను. ఆ కాల్చే పొగ పీలుస్తున్నాడే, దానికి పెట్టుకుంటాను."

"గిన్నె కాదండీ గొడవ! ఒట్టేసి తిన్నాడు. పైగా తినలేదని బుకాయింపు. ఇప్పటికీ అలాగే నల్లగా..." అని సిగ్గేసి ఆగిపోయింది.

"పండగ వారం కదమ్మా. పులుసు తిన్నవాళ్లందరికీ అంతే."

"నేనూ అదే అంటున్నా! ఒక్క ముక్క కూడా ముట్టలేదట! వింటున్నారా? ఒక్క ముక్క!"

డాక్టర్ మళ్లీ రాయబోయి, కలం ఆపింది.

"ఒక్క ముక్క కూడానా?"

"అంటాడు."

"అతను అబద్ధాలాడే మనిషా?"

సుయేమీ నోరు తెరిచింది. పుట్టినరోజుకి కొన్న చెవిపోగుల సంగతి దాచలేక, ముందురోజే జేబులోంచి తీసి చూపించేసిన మనిషి. పేకాటలో తన చేతిలో ఏముందో ముఖంలోనే కనిపించే మనిషి.

"కాదు," అంది.

ఆ మాట తన నోట్లోంచి వస్తూ ఉండగానే, అప్పటిదాకా నుంచున్నది కుర్చీలో కూర్చుంది.

డాక్టర్ గొంతు మారిపోయింది. "పాలిపోయాడా? లేస్తే తూలుతున్నాడా?"

మెట్టు. గోడకి ఆనించిన తల. దించేసిన బిందె.

"అలిగాడనుకున్నా," అంది సుయేమీ.

"నల్లగా అంటే ఎలా? పొడిపొడిగానా, తారులా జిగురుగానా? మామూలుగా లేని వాసన?"

ఆమె తల ఊపింది. "తారులా," అంది.

"మాత్రలేమన్నా వాడుతున్నాడా?"

"భుజం నొప్పికి..." అని ఆగింది. "నేనే ఇస్తున్నా. పొద్దున్నే, పరగడుపున. నేనే."

డాక్టర్ లేచి సంచీ అందుకుంది. "విను. ఆ మాత్రలు కొందరికి పొట్టలో పుండు చేస్తాయి. పుండు లోపల్లోపలే కారితే, ఆ రక్తం దిగేసరికి నల్లగా అవుతుంది. ఆ పులుసు తిని ఉంటే సరే, నన్ను మళ్లీ ఊరంతా నవ్వనీ. తినకపోతే మాత్రం అది రక్తం. పద."

సుయేమీ ముందు పరిగెత్తింది. చెప్పు తెగితే వీధిలోనే వదిలేసింది. రొట్టెల కొట్టు ముందు ఎవరో, "డాక్టరమ్మా, ఎక్కడ మాడింది?" అని కేకేశారు. పరిగెడుతూ ఆమె అనుకుంటున్నది ఒక్కటే: దేవుడా, నా మొగుడు అబద్ధాలకోరు అయి ఉండాలి. నా ముందు ఒట్టేసి నా వెనకాల రెండు గిన్నెలు తిని ఉండాలి.

హెనెర్ మెట్టు మీదే ఉన్నాడు. ఆమె మోకాళ్ల మీద కూలబడి అతని రెండు చేతులూ పట్టుకుంది. చల్లగా ఉన్నాయి. అంత ఎండలో.

"హెనెర్, తిన్నానని చెప్పు."

"మళ్లీ మొదలుపెట్టావా?"

"కోప్పడను. జన్మలో కోప్పడను. తిన్నానని చెప్పు, చాలు. ఒక్క చెంచా. పోనీ రొట్టె ముంచుకుని నాకానని చెప్పు."

అతను నీరసంగా ఆమె వైపు చూశాడు. ఆమె ఎందుకు ఏడుస్తోందో అతనికి అర్థం కాలేదు. ఓదార్చడానికే అన్నట్టు మెల్లగా చెప్పాడు: "తినలేదు సుయే. నీకు మాటిచ్చాను కదా."

అంతకంటే భయంకరమైన మాట ఆమె ఎప్పుడూ వినలేదు.

"మరి గిన్నె ఎలా ఖాళీ అయింది?"

హెనెర్ పక్కకి చూశాడు. అక్కడ దోన్ నాసో ట్రక్కులోకి డబ్బాలు ఎక్కిస్తున్నాడు. ఆయన ఒక్క ఉదుటున అందుకున్నాడు. "తిన్నాడమ్మా, తిన్నాడు! నా పక్కనే కూర్చుని తిన్నాడు, నేను చూశా. పెళ్లాం భయానికి బొంకుతున్నాడు. ఇంక ఏడుపు ఆపు."

సుయేమీకి ఒక్కసారిగా ఊపిరి ఆడింది. నవ్వు కూడా వచ్చింది. దోన్ నాసో చెప్పింది నిజమైతే చాలు, ఇంకేం అక్కర్లేదు.

"మావయ్యా..." అన్నాడు హెనెర్.

"నువ్వూరుకో. కాపురం చక్కదిద్దుతుంటే అడ్డుపడకు."

అప్పుడే డాక్టర్ ఇవోన్ రొప్పుతూ వాకిట్లోకి వచ్చింది. ఆమెని చూడగానే దోన్ నాసో డబ్బా చాటుకి జరిగాడు. కీళ్లవాతం ముదిరిందని, మాంసం పులుసు వాసన కూడా చూడొద్దని ఆమె ఆయనకి గట్టిగా చెప్పి పంపి ఎన్నో రోజులు కాలేదు.

డాక్టర్ ఆయన్ని సూటిగా చూసింది. "దోన్ నాసో. అతను తిన్నాడా?"

"అంటే..."

"ఇది నవ్వులాట కాదు. మీరు ఔనంటే నేను వెనక్కి వెళ్లిపోతాను. వెళ్లాక ఇతను చచ్చిపోవచ్చు. అతను తిన్నాడా?"

దోన్ నాసో చేతిలోంచి డబ్బా జారి నేలమీద దొర్లింది.

"నేను తిన్నా," అన్నాడు. "నాదీ నేనే తిన్నా, వాడిదీ నేనే తిన్నా. మీకు తెలిస్తే తిడతారని... వాడు ముట్టలేదండీ. మూతి తడి కూడా చేసుకోలేదు."

డాక్టర్ అప్పటికే హెనెర్ చేతికి బీపీ పట్టీ చుట్టి గాలి కొడుతోంది. అంకె చూసి పెదవి బిగించింది. "ట్రక్కు ఖాళీ చేయండి."

"నేను నడుస్తాను," అంటూ హెనెర్ లేచాడు. లేచినవాడు లేచినట్టే సుయేమీ మీదికి ఒరిగిపోయాడు. ఆ బరువుకి ఇద్దరూ మెట్ల మీద పడ్డారు. వంటింట్లోంచి దోన్యా ఎల్సీ పరిగెత్తుకొచ్చింది. మోచేతుల దాకా నల్లముద్ద. కొడుకు ముఖం పట్టుకుంటే ఆ తెల్లటి చెంపల మీద ఆమె వేళ్ల అచ్చులు నల్లగా పడ్డాయి. అప్పుడుగాని అతనెంత తెల్లబడ్డాడో ఎవరికీ కనిపించలేదు.

పట్నం దాకా దారంతా గుంతలు. దోన్ నాసో ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన నోరు మూసుకుని ట్రక్కు తోలడం ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు. వెనకాల తొట్టిలో హెనెర్ తల సుయేమీ ఒళ్లో. డాక్టర్ సెలైన్ సీసా పైకెత్తి పట్టుకుని, ప్రతి గుంతకీ ఒక చేత్తో తొట్టి అంచు పట్టుకుంటోంది. దారిలో అతను ఒకసారి వాంతి చేసుకున్నాడు. అది నల్లగా ఉంది, కాఫీపొడి కలిపినట్టు.

"పులుసు ముద్దలా ఉందేమిటి?" అంది దోన్యా ఎల్సీ.

"కాదండీ," అంది డాక్టర్.

సుయేమీ అతని కళ్లు మూతపడకుండా మాట్లాడుతూనే ఉంది. ఏం మాట్లాడుతోందో ఆమెకే తెలీదు. ఉయ్యాల మళ్లీ మన గదిలో కట్టేస్తాను అంది. పొద్దున్న ఈల ఏ పాటదో చెప్పు అంది. అతను ఏదో అన్నాడు, ఇంజను మోతలో వినపడలేదు. మళ్లీ చెప్పమంది. చెప్పలేదు.

ఆస్పత్రిలో అతన్ని చక్రాల మంచం మీద లోపలికి తీసుకుపోయి తలుపులు వేసేశారు.

అత్తాకోడళ్లు బయట బల్ల మీద కూర్చున్నారు. దోన్యా ఎల్సీ చేతులు ఒళ్లో బోర్లించి పెట్టుకుంది. గోళ్ల సందుల్లో నలుపు. ఆ చేతులే చూసుకుంటూ అడిగింది.

"నా ముద్ద వల్లేనా?"

అన్ని నెలల్లో ఆమె జవాబు కావాలని సుయేమీని ఒక ప్రశ్న అడగడం అదే మొదటిసారి. సుయేమీ అవునంటే ఎదురు చెప్పే స్థితిలో ఆమె లేదు. అవునంటే ఆ చేతులు ఇంకెప్పుడూ మిరపకాయలు కాల్చవు. హెనెర్ ఇంకెప్పుడూ ఆ పొగలోకి వెళ్లడు. పెళ్లయినప్పటినుంచీ సుయేమీ కోరుకున్నదంతా ఆ ఒక్క మాటలో ఉంది.

"కాదత్తయ్యా," అంది. "మాత్రలు. నేనిచ్చిన మాత్రలు."

"నన్ను ఊరుకోబెట్టడానికి అంటున్నావా?"

"కాదు. మీ ముద్ద పుండు చేయలేదు. ఊరంతా నల్లగా ఉంది కాబట్టి మనకి కనపడలేదు, అంతే. తను మాట తప్పి ఉంటే అసలే కనపడేది కాదు. మాట నిలబెట్టుకున్నాడని రెండు రోజులు తిట్టాను అత్తయ్యా."

దోన్యా ఎల్సీ కోడలి చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది.

గొంతులోంచి దీపం ఉన్న గొట్టం పంపి చూశామని, పొట్టలో పుండులో ఒక రక్తనాళం తెగి కారుతోందని, దాన్ని మూసేశామని పెద్ద డాక్టరు వచ్చి చెప్పాడు. రక్తం ఎక్కిస్తున్నారు. ఇంకో పూట ఆలస్యమైతే అని మొదలుపెట్టి, ఇద్దరి ముఖాలూ చూసి ఆ వాక్యం ముగించలేదు. "మళ్లీ కారదని ఇప్పుడే చెప్పలేను. పాత రక్తం పోయేదాకా ఇంకా నల్లగానే వెళ్తుంది. అది మామూలు రంగుకి రావాలి. అప్పటిదాకా కనిపెట్టుకుని ఉండండి."

కనిపెట్టుకుని ఉండటం అంటే ఏమిటో సుయేమీకి ఆ వార్డులోనే తెలిసింది. అతను పక్కకి తిరిగితే భయం. తిరగకపోతే భయం. నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. గోరు నొక్కి వదిలితే తెల్లబడ్డది మళ్లీ ఎరుపెక్కాలని నర్సు చూపించింది. దాంతో ఆమె కూర్చున్నచోట కూర్చోకుండా అతని పది గోళ్లూ నొక్కుతూనే ఉండేది. మంచం కింది పాత్ర బయటికి వెళ్లిన ప్రతిసారీ నర్సు ముఖం చూసేది. నర్సు తల అడ్డంగా ఊపేది. నల్లగానే. మళ్లీ నల్లగానే. చదివిన చదువులో ఎక్కడా లేని ఒక కొత్త ప్రార్థన ఆమె చేసుకుంటోంది. దేవుడికి అది విని సిగ్గేసి ఉంటుంది.

ఒక పొద్దున నర్సు వార్డు ఆ చివర్నుంచే గట్టిగా చెప్పింది.

"ఏడో మంచం! ఇవాళ గోధుమరంగు!"

వార్డులో ఉన్నవాళ్లంతా ఏడో మంచం వైపు తిరిగారు. హెనెర్ దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు. దోన్యా ఎల్సీ శిలువ గుర్తు వేసుకుని, వెంటనే ఫోన్ తీసి తమ్ముడికి అదే మాట, అంతకంటే గట్టిగా, చెప్పింది. అవతల దోన్ నాసో ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలీడం లేదు. పక్క మంచం ముసలమ్మ, "సంతోషం నాయనా," అని మనస్ఫూర్తిగా అంది.

"సుయే, నన్ను ఇక్కణ్ణించి తీసుకుపో. సిగ్గుతో చచ్చిపోతా," అన్నాడు హెనెర్ దుప్పట్లోంచి.

ఆమె దుప్పటి కిందికి లాగింది. అతని చెవులు ఎర్రగా కందిపోయి ఉన్నాయి. బుగ్గలు కూడా. సిగ్గు. అచ్చమైన, రక్తమున్న సిగ్గు. ఆమె వార్డు ముందే ఆ బుగ్గల మీద అటొకటి ఇటొకటి ముద్దుపెట్టింది. తర్వాత అతని చెయ్యి అందుకుని బొటనవేలి గోరు నొక్కి చూసింది. తెల్లబడి, ఎర్రబడింది.

"చాలు, నొప్పెడుతోంది," అన్నాడు.

ఇంకోసారి నొక్కింది.